ప్రకటన తర్వాతి పేజీలు

పాత బైబిళ్లు బైండు చేసే అతను, దారానికి మైనం రాసి, కళ్లజోడు సర్దుకుని, సూది దించే ముందు ప్రతిసారీ కళ్లు మూసుకుంటాడు. ఈరోజు అతని అక్క తమ అమ్మ బైబిలు తెచ్చింది. తాను కొత్తగా చేరిన సంఘం గురువు రాసిన పదహారు పేజీలు చివర్లో కలిపి కుట్టమంది.

"బైబిల్లో ఆఖరిది ప్రకటన గ్రంథం. దాని తర్వాత ఇంకేమీ ఉండదక్కా."

"ఆయన మాటా దేవుడి మాటేరా. కుట్టు."

తల అడ్డంగా ఊపాడు. ఒకప్పుడైతే అక్క ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు నవ్వి, తమ్ముడి నెత్తిన చెయ్యిపెట్టి, అచ్చం అమ్మలాగే ప్రార్థించింది. చివర్లో మాత్రం యేసు నామం బదులు గురువు పేరు పలికింది. అలవాటుకొద్దీ అతని నోరు "ఆమెన్" అనేసింది.

తప్పు కుట్టు విప్పడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఆ ఆమెన్‌ను ఎక్కణ్నుంచి విప్పాలో తెలియక, సూది పట్టుకుని అలాగే కూర్చున్నాడు.