సింఫొనీకి నేను చేసిన సాయం

ఆ రోజుల్లో నాకు రానిదంటూ ఏదీ లేదు, అడగడమే ఆలస్యం. అరబ్బీ వచ్చా అంటే వచ్చు (వచ్చినవి ‘యల్లా’ అంటే పద, ‘మాఫీ’ అంటే లేదు, ఆ రెండే). తొంభైల్లో దోహాలో ఓ కంపెనీ స్టోర్సులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా ఇంజనీరు దొర సరదాకి ఓ బ్యాండు పోగుచేస్తూ, "నీకు క్లారినెట్ వచ్చటగా, నోట్స్ చదవగలవా?" అన్నాడు. "ఓ, భేషుగ్గా సార్!" అన్నాను. నిజానికి నేను గోదావరి పక్క పెళ్ళి బ్యాండులో చెవితో విని ఊదినవాణ్ణి. ఆ చుక్కలూ గీతలూ నాకు చీమలబారుతో సమానం. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో నా గదిలోనే ఉండే బాబాయ్ (పిలుపుకే, చుట్టం కాదు) "వచ్చని చెప్పేసేవా? కొంప ముంచుకున్నావురా అబ్బాయ్!" అని నెత్తి కొట్టుకున్నాడు.

దొర ఎంచుకున్నది రెండొందల ఏళ్ళ కిందటి సింఫొనీ. ఫిడేళ్ళుండవు, అన్నీ ఊదే వాయిద్యాలే. నా పక్కన మొదటి క్లారినెట్ ఓ ఫిలిప్పీన్స్ నర్సుది. సిస్టర్ అనేవాళ్ళం. ఆవిడ వాయించేది విని నేను పట్టేసేవాణ్ణి. మధ్యలో ఆవిడ ఒక్కతే వాయించే ముక్క ఒకటుంది. దానికోసం మూడు నెలలు డ్యూటీ దిగి తిన్నగా రిహార్సల్‌కి వచ్చేది. "ఇది రికార్డు చేసి మా నాన్నకి పంపాలి. నాకు నేర్పింది ఆయనే. ఇప్పుడు మంచం మీదున్నారు," అని చెప్పింది. హాలు దొరికింది ఒక్క సాయంత్రానికే.

ఆ సాయంత్రం ఆవిడ వాయిస్తుంటే హాలంతా ఊపిరి బిగబట్టి వింది. ఆ ముక్కలో ఓ చోట, ముందు నిలబడి నడిపించే దొర చెయ్యి దించేదాకా ఆగాలి. రిహార్సల్లో ఆ ఆగుడు చిటికెలో అయిపోయేది. ఆ రోజు దొరకేం పూనిందో, చెయ్యి గాల్లోకెత్తి అలాగే నిలబడిపోయాడు. మా పెళ్ళి బ్యాండులో ముందువాడు ఆగితే పక్కవాడు అందుకోవాలి, లేకపోతే మేస్త్రి పెళ్ళివారి ముందే కడిగేసేవాడు. అయ్యో పాపం, సిస్టర్ మరిచిపోయిందనుకుని అందుకున్నాను. మామూలుగానా? గమకాలతో సహా, ఊరేగింపు స్థాయిలో! దొర కొయ్యబారిపోయాడు. సిస్టర్ ఎలాగో మళ్ళీ అందుకుని పూర్తిచేసింది. ముందు వరసలో ఆవిడ టేపురికార్డరు తిరుగుతూనే ఉంది.

అయ్యాక కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికే వచ్చింది. తిట్టినా బాగుండేది. "నీ రీడు పాడైందా బ్రదర్?" అంది. (రీడంటే మూతి దగ్గర బిగించే రెల్లుబద్ద. అది పాడైతే కీచుమంటుందే గానీ గమకాలు పలకదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.) క్షమించమనడానికి అంతకన్నా మంచి అదను లేదు. నేనేమో, "అవును సిస్టర్, వెధవ రీడు!" అన్నాను.

వారం తిరక్కుండా, దోహాలో దొరకని కొత్త రీడ్ల డబ్బా ఒకటి తనదే తెచ్చి నా చేతిలో పెట్టింది. "క్యాసెట్ పంపేశాను. ఉన్నదదొక్కటే కదా," అంది. థాంక్స్ చెప్పి పుచ్చుకున్నాను కూడా.

"పుచ్చుకున్నావా? సిగ్గనేదుందట్రా నీకు!" అన్నాడు బాబాయ్.

అప్పుడు లేదు బాబాయ్, తరవాత్తరవాత వచ్చింది. ఆ పాతికేళ్ళ గొప్పలరాయుణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మంచం మీద పడుకుని ఆ క్యాసెట్ విన్న పెద్దాయన గుర్తొచ్చేసరికి, ఆ నవ్వు నా మొహం మీద ఎంతోసేపు నిలవదు.