రూతమ్మ ఆంటీ తీసేసిన సాక్ష్యాలు

ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవడం మా అబిడ్స్ చర్చిలో అలవాటు. దాన్నే సాక్ష్యం అంటాం. మంచం పట్టినవాళ్లు ఇంట్లోనే వింటారని రిటైర్డ్ నర్సు రూతమ్మ ఆంటీ వాటిని రికార్డు చేసి, ఆన్‌లైన్‌లో దాచి, లింకు పంపుతుంటారు.

ఈ రోజు ఆవిడే సాక్ష్యానికి లేచారు.

"ఆ లింకు దొరికితే ఎవ్వలైనా వినొచ్చట. నేను చూస్కోలే. అన్నీ తీసేసిన. మళ్ల పెట్టాల్నంటే మీరు ఒక్కొక్కరు ఔ అనాలె."

"తప్పు ఆ ఆన్‌లైన్ కంపెనీది కదమ్మా!" అన్నారు పాస్టర్‌గారు.

"తాళం వాళ్లు ఇచ్చిన్రు అయ్యగారూ. ఆ తాళం ఏసుడు మర్సింది నేను."

పోయిన ఆదివారం భర్త తాగుడు గురించి ఏడుస్తూ చెప్పిన మేరీ లేచింది. "నాది వద్దాంటీ. మీ ముందల చెప్పుకున్న, ఊరికి గాదు."

"గట్లనే బిడ్డా."

దేవుడి మేలు చెప్పినవాళ్లను చాలామందిని చూశాను. తన పొరపాటు చెప్పినావిడ ఈవిడే.

బయటికొచ్చి, ఆదివారాల్లో ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల బేరాల మధ్య నిలబడి, నేను ఆన్‌లైన్‌లో దాచుకున్న ఫొటోలు ఎవరెవరికి కనిపిస్తున్నాయో చూసుకున్నాను. మీరూ చూసుకోండి. చూశామని కామెంట్ పెట్టండి. ఏం బయటపడిందో మాత్రం రాయకండి!