గేట్ పాస్ లేని జంట శంకువు

1996 సెప్టెంబరులో నన్ను దోహాలోని రెండు భారతీయ పాఠశాలలకు సమన్వయకర్తగా వేశారు. ఇక్కడి మనవాళ్ళ సంఘం ఒకటి ఆ నవంబరు చివర్లో పిల్లలకు విజ్ఞాన మేళా పెట్టదలచింది. క్విజ్, వ్యాసరచన, నమూనాల పోటీ ఉన్నాయని బడికి వెళ్ళి చెప్పడం, దరఖాస్తులు పంచడం, నింపినవి తిరిగి తేవడం సమన్వయకర్త పని. జీతం లేదు. నా వీసా మీద ఉద్యోగానికి అనుమతి లేదని ముద్ర ఉంది కనుక ఇస్తామన్నా తీసుకోకూడదు. అయినా నేను దాన్ని ఉద్యోగంగానే చేశాను. పెళ్ళికి ముందు తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీలో నాలుగేళ్ళు భౌతికశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశాను. దోహా వచ్చాక మూడేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. నా పేరు కింద మళ్ళీ ఒక హోదా రాసుకునే అవకాశం అది.

ఈ పనికి ఒక వరస ఉంది. ముందు సంఘం కన్వీనర్ ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాస్తారు. ప్రిన్సిపాల్ ఒప్పుకుంటే ఉదయం అసెంబ్లీలో, వార్తలు చదవడానికీ జాతీయగీతానికీ మధ్య, ఐదు నిమిషాలు ఇస్తారు. ఆ తర్వాత ఫారాలు క్లాస్ టీచర్ల చేతికి వెళతాయి. ఫారం పైసగం మీద తల్లో తండ్రో, కిందిసగం మీద టీచరూ సంతకం చేయాలి. నమూనా ఒక బల్ల మీద పట్టాలి. మంట, ఆమ్లం వాడకూడదు. కరెంటు టార్చి బ్యాటరీలదే కావాలి. ఇవన్నీ కాగితం మీది నియమాలు. అసలు సంగతేమిటంటే, ఆ ఐదు నిమిషాలు పిల్లల మనసుకు పట్టకపోతే ఫారాలు సంచుల్లోకి పోతాయి, మళ్ళీ బయటికి రావు.

మొదటి బడిలో అదే జరిగింది. పెద్ద కట్ట ఇచ్చి వస్తే గుప్పెడు కూడా తిరిగి రాలేదు. కన్వీనర్ గారిది విజయవాడ, పెద్దాయన, మాటకారి. "ఏమ్మా, పిల్లలకు సైన్సు చెప్పావా, సంతాప తీర్మానం చదివావా?" అన్నారు. అందరి ముందూ అన్నారు. రెండో బడికి వెళ్ళేలోపు ఏదో ఒకటి చేయాలనుకున్నాను.

అప్పుడు తెనాలి ల్యాబులోని జంట శంకువు గుర్తొచ్చింది. రెండు శంకువుల అడుగులు కలిపి అతికించినట్టుండే దిమ్మ అది. నడుమ లావు, రెండు చివర్లూ మొన. దాన్ని రెండు పట్టాల మీద పెడతాం. పట్టాలు ఒకవైపు కలిసి ఉంటాయి, రెండోవైపు విడిపోయి కాస్త ఎత్తుగా ఉంటాయి. కిందివైపు వదిలితే దిమ్మ తనంతట తాను పైకి దొర్లుకుంటూ పోతుంది. పోతున్నట్టు కనిపిస్తుంది అనాలి. పట్టాలు విడిపోతున్నకొద్దీ దిమ్మ వాటి మధ్యకు దిగుతుంది కనుక దాని గరిమనాభి నిజానికి కిందికే వస్తోంది. అసెంబ్లీలో చూపడానికి దాన్ని మించింది లేదు.

మావారు ఒక కాంట్రాక్టు కంపెనీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. మెసైమీర్‌లో ఆ కంపెనీకి వర్క్‌షాప్ ఉండేది. అక్కడ లేత్ మీద పనిచేసే లచ్చన్నను ఒక శుక్రవారం ఇంటికి తీసుకొచ్చారు. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. ముప్పై దాటి ఉంటాయి. నేను గీసిన బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"బొంగరానికి రెండు దిక్కుల మొల గొట్టినట్టున్నది. ఏం జేస్తది మేడం ఇది?"

పైకి ఎక్కుతుందన్నాను.

"మోటర్ లేకుండనా? సార్, మేడంతోని జర పైలం," అని మావారి వైపు తిరిగి నవ్వాడు.

మొదటిసారి చేసింది ఎక్కలేదు. శంకువు వాలు, పట్టాల వాలు, అవి విడిపోయే కోణం మూడూ కుదరాలి. నా లెక్క తప్పింది. లచ్చన్న పట్టాలను చేత్తోనే కొంచెం కొంచెం విడదీస్తూ, దిమ్మను మళ్ళీ కొంత చెక్కి, రెండో వారానికి కుదిర్చాడు. మా హాల్లో నేల మీద పెట్టి వదిలితే అల్యూమినియం దిమ్మ మెరుస్తూ పైకి దొర్లింది. "అరె, సక్కగ బోతున్నదుల్లా!" అని పదిసార్లు వదిలి చూసుకున్నాడు. టీ తాగి లేచేటప్పుడు మాత్రం నవ్వకుండా ఒక మాట చెప్పాడు. "మేడం, నా పేరు ఏడ రాయకుండ్రి. సార్ అడిగిండని జేసిన. అంతే."

సిగ్గుపడుతున్నాడనుకున్నాను. పనివాళ్ళు అలాగే అంటారులే అనుకున్నాను.

వర్క్‌షాప్ పద్ధతి ఇక్కడ చెప్పాలి. ప్రతి పనికీ ఒక జాబ్ కార్డు ఉంటుంది. ఏ పని, ఎవరి కోసం, ఏ లోహం ఎంత అన్నది అందులో రాస్తారు. బయటికి పోయే ప్రతి వస్తువుకూ ఫోర్‌మన్ సంతకంతో గేట్ పాస్ ఉండాలి, తుక్కు ముక్కయినా సరే. కార్మికుల సంచులు గేటు దగ్గర విప్పి చూస్తారు. ఇంజనీర్ల కార్లు ఆపరు. ఇదంతా నాకు అప్పుడు తెలియదని రాయబోయి ఆగాను. తెలుసు. దిమ్మను ఇంటికి తెచ్చిన రోజు, సీటు కింద పెట్టుకుని వచ్చేశానని మావారు చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను.

రెండో బడిలో ఆ దిమ్మ పైకి దొర్లగానే ముందు వరసల పిల్లలు కేకలు వేశారు. వెనక వరసలవాళ్ళు లైన్లు తప్పి ముందుకొచ్చారు. డ్రిల్లు మాస్టారు విజిల్ వేసినా ఆగలేదు. ఎందుకు ఎక్కుతోందో చెప్పలేదు, మేళాకు వస్తే చెబుతానన్నాను. మొదటి బడికి మళ్ళీ వెళ్ళి అదే చేశాను. ఫారాలు చాలక ఫోటోకాపీలు తీయించాం. మేళా నాడు కన్వీనర్ గారు నన్ను వేదిక మీదికి పిలిచి, ఈ అమ్మాయి లేకపోతే హాలు నిండేది కాదన్నారు. నాకప్పుడు ఐదో నెల. చప్పట్లు కొడుతుంటే ఒక చేత్తో కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. ఎంతో సంతోషంగా ఉంది.

మేళా అయ్యాక సాయం చేసినవాళ్ళందరికీ సంఘం పేరున కృతజ్ఞతా పత్రాలు పంపడం ఆచారం. గల్ఫ్‌లో ఆ పత్రాన్ని మనిషికి కాక అతని కంపెనీకి పంపుతారు. పైవాళ్ళు చూస్తే మంచి పేరు వస్తుందని, మరుసటి ఏడు కంపెనీ కూడా ముందుకొస్తుందని. జాబితా సమన్వయకర్తలే ఇవ్వాలి. నేను మావారి కంపెనీ జనరల్ మేనేజర్‌కు రాశాను. మీ వర్క్‌షాప్ టర్నర్ లచ్చన్న భోజన విరామాల్లో, మీ వర్క్‌షాప్‌లోని అల్యూమినియంతో, చక్కని పరికరం చేసి ఇచ్చాడని, అటువంటి ఉద్యోగి ఉండటం కంపెనీకి గర్వకారణమని, మంచి ఇంగ్లీషులో. పేరు రాయొద్దన్న మాట గుర్తుంది. జీతం పెంచినా పెంచుతారు, అప్పుడు తనే సంతోషిస్తాడని సర్దుకున్నాను. కింద నా పేరూ హోదా టైపు చేసి చూసుకుంటే బాగుంది. మావారికి చూపలేదు. తర్వాత తెలిసి ఆశ్చర్యపోవాలని.

వారం తర్వాత ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండా సోఫాలో కూర్చున్నారు. "రాసేముందు నన్నొక్క మాట అడగొద్దా?" అన్నారు.

కార్మికులు ముదీర్ అని పిలిచే ఆ మేనేజర్ నా ఉత్తరం మీద ఒకే ప్రశ్న రాసి వర్క్‌షాప్‌కు పంపాడు: ఏ జాబ్ కార్డు మీద? కార్డు లేదు. గేట్ పాసూ లేదు. విచారణకు పిలిచి, వస్తువు బయటికి ఎలా పోయిందని లచ్చన్నను అడిగారు. తనే టిఫిన్ సంచిలో పట్టుకుపోయానన్నాడు. ఆ దిమ్మ ఏ టిఫిన్ సంచిలోనూ పట్టదు, అది చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. మావారు అదే గదిలో ఉన్నారు. ఏమీ అనలేదు. లచ్చన్నను లేత్ మీద నుంచి తీసేసి పైపులైను సైటుకు హెల్పర్‌గా పంపారు. రెండేళ్ళకోసారి వచ్చే సెలవు అతనికి ఫిబ్రవరిలో ఉంది. దాన్ని రద్దు చేశారు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంటుంది కనుక సెలవు లేదంటే లేనట్టే.

ఆ శుక్రవారం లచ్చన్న వచ్చాడు. మావారు ఇంట్లో లేరు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మీ కాయితం మంచిగ రాసిన్రంట మేడం. ముదీర్ అందరి ముంగట సదివి వినిపిచ్చిండు. నా గురించి గంత మంచిగ మా నాయిన సుత ఎన్నడు జెప్పలె."

పేరు రాయొద్దని చెప్పావు కదా అని గొణిగాను. చెప్పినా రాశాను అనడానికి బదులు ఆ మాట వచ్చింది.

"జెప్పిన. మీరు సదువుకున్నోళ్ళు, మాకెర్కలేని లాభం మీకెర్కున్నదనుకున్న." గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. "మాఘంల తమ్ముని పెండ్లి. నా లీవు జూసే ముహూర్తం బెట్టిన్రు. ఇప్పుడు లీవ్ మాఫీ, లేనే లేదు అన్నడు ముదీర్. దుబాయ్‌ల ఏం దొంగతనం జేసిండో అని ఊరోళ్ళు అనరా?" వాళ్ళ ఊరికి గల్ఫ్ ఎక్కడైనా దుబాయే.

అతను అడిగింది ఒక్కటే. సార్ చెబితేనే చేశాడని, బయటికి తెచ్చింది సారేనని నేను ఇంకో కాగితం రాయాలి. సార్‌కు ఏమీ కాదు, ఇంజనీరు కనుక ఒక మాట అని వదిలేస్తారు. తన సెలవు మాత్రం తనకు వస్తుంది. రాస్తానన్నాను. "జల్ది రాయుండ్రి మేడం," అని మెట్లు దిగిపోయాడు.

రాశాను కూడా. నాలుగు వాక్యాలు. మావారికి చూపితే వద్దనలేదు. "నీ ఇష్టం. మన ఫ్యామిలీ వీసా నా పోస్టు మీదే ఉంది. మార్చిలో కాన్పు. ఆలోచించుకో," అన్నారు. ఆలోచించుకున్నాను. ఆయన ఉద్యోగం పోతుందని, ఏడో నెలలో విమానం ఎక్కించరని, బిడ్డకు ఏదో అవుతుందని, రోజుకో భయం వెతుక్కున్నాను. డాక్టరు బీపీ కొంచెం ఎక్కువుందంటే లోపల ఊరట కలిగింది; ఇప్పుడు పంపకపోవడానికి అదొక కారణం దొరికింది. లచ్చన్న బూత్ నుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి పంపుతున్నానని చెప్పాను. రెండోసారి నేను పడుకున్నానని మావారు చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను. మూడోసారి చేయలేదు.

తమ్ముడి పెళ్ళి అతను లేకుండానే జరిగింది. జులైలో సెలవిచ్చారని, వెళ్ళినవాడు తిరిగి రాలేదని తర్వాత విన్నాను. మార్చిలో నాకు కొడుకు పుట్టాడు. బాగానే ఉన్నాడు. మావారి ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆ ఉత్తరం పంపినా ఏమీ అయ్యేది కాదని ఇప్పుడు అనిపిస్తుంది. ఒకవేళ అయ్యుంటే మాత్రం, అది మాకు తగినదే.

మరుసటి ఏడాది కన్వీనర్ గారు మళ్ళీ రమ్మన్నారు. పసివాడితో కుదరదన్నాను. ఆ మాట అబద్ధం కాదు, కానీ కారణం అది కాదు. జంట శంకువు ఒక బడి ల్యాబులో ఉంది. దాని కింది పలకకు నా పేరు అంటించారని ఒక టీచరు సంతోషంగా చెప్పింది. తీసేయమని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పలేదు.

ఇలాంటి పనికి దిగేవారికి నేను నేర్చుకున్నది రాస్తున్నాను. ఒక పనివాడి చేత సంస్థ సామానుతో ఏదైనా చేయించుకుంటే, ముందు అనుమతి కాగితం మన పేరున తీసుకోవాలి. అది దొరకకపోతే ఆ పని చేయించుకోకూడదు. పేరు రాయొద్దని ఎవరైనా అంటే కారణం అడగకుండా రాయడం మానుకోవాలి, ఆ కారణం వారికి తెలుసు. పొగడ్తతో జరిగిన నష్టాన్ని రెండో ఉత్తరం కొంతవరకు సరిదిద్దుతుంది, కానీ అది మొదటి వారంలో వెళితేనే. నేను రాసింది ఏ తేదీనా వెళ్ళలేదు.