సగం చూసి రాసిన సమీక్ష

ఆంటీ పోయారన్న వార్త నాకు బస్సులో తెలిసింది. ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లోని మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ‘ప్రభువునందు నిద్రించారు’ అని ఒక్క వాక్యం, దాని కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. అపాయింట్‌మెంట్‌కి రాలేదని ఆమె డాక్టరు క్లినిక్ వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తలేదట. కింది ఫ్లాట్ ముసలాయన పూనుకుని తలుపు తీయించేసరికి ఒక రోజు గడిచిపోయిందట. ఆ ఒక్క రోజు గురించే ఆలోచిస్తూ, దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు వెళ్లిపోయాను.

ఆమె నాకు చుట్టం కాదు. మాస్టర్స్ చదవడానికి వచ్చిన కొత్తలో చర్చిలో పరిచయం. గుంటూరు వైపు మనిషి. ముప్పై ఏళ్లు ఇక్కడి ఆసుపత్రిలో ముసలివాళ్ల వార్డు నర్సుగా చేసి రిటైరయ్యారు. అంకుల్ పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. ‘మంగళవారం మధ్యాహ్నం సినిమాకి తోడొస్తావా అబ్బాయ్, టీ కూడా ఇస్తారు’ అని ఒకరోజు అడిగారు. అప్పుడు మొదలైన మంగళవారాలు ఏడేళ్లు సాగాయి. ఈ తెలుగు పత్రికలో నేను రాసిన సమీక్షల్లో సగానికి పైగా ఆవిడ పక్క సీట్లో కూర్చుని చూసిన సినిమాలవే.

హ్యాండ్‌బ్యాగులో స్టీలు డబ్బా, అందులో చేగోడీలు. చప్పుడు కాకుండా నోట్లో నానబెట్టుకుని తినడం నాకు ఆవిడే నేర్పారు. సినిమా అయ్యాక తెర మీద పేర్లు మొత్తం వెళ్లిపోయేదాకా లేచేవారు కాదు. “వార్డు ఊడ్చినోళ్ల పేరు కూడా ఎక్కడో ఒకచోట ఉండాలిగా” అనేవారు. ఆ తర్వాత బస్సు పైఅంతస్తులో ముందు సీట్లో కూర్చుని తీర్పు చెప్పేవారు. చాలా సినిమాలకు ఆవిడ తీర్పు ఒక్కటే, “ఇంకాస్త కత్తిరించాల్సింది.”

అలాంటి ఒక మంగళవారమే ఆ ఫ్రెంచి సినిమాకు వెళ్లాం. భర్త పోయిన డెబ్బై ఏళ్ల స్త్రీ, తన శరీరానికి ఇంకా కోరికలున్నాయని ఎదిగిన పిల్లల ముందు చెప్పి, ఒక పరాయి మనిషిని ఇంటికి రానిచ్చే కథ. ఇక్కడి పత్రికల్లో అప్పటికే పెద్ద రచ్చ. ఒకరు అయిదు స్టార్లు ఇచ్చి ధైర్యమంటే ఇదీ అన్నారు, ఇంకొకరు ఒక్క స్టారు విదిల్చి కళ పేరుతో బూతు అన్నారు. నేను రెండూ చదివి, పండితుడిలా కూర్చున్నాను. ఆ పాండిత్యమంతా గంటకు మించి నిలవలేదు. తెర మీద ఆ ఇద్దరు ముసలివాళ్లు ఒకరి బట్టలు ఒకరు విప్పుకోవడం మొదలుపెట్టగానే, పక్కన ఆంటీ ఉన్నారన్న స్పృహ నన్ను కాల్చేసింది. బాత్రూముకని లేచి వెళ్లి, మిగతా సినిమా అయ్యేదాకా బయట సోఫాలో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ వారమే సమీక్ష రాశాను. బయటికి వచ్చేశానని అందులో రాయలేదు. అటు పత్రిక నుంచి ఒక ముక్క, ఇటు పత్రిక నుంచి ఒక ముక్క తీసి అతికించి, చివర్లో చమత్కారంగా ఉంటుందని ఇలా తగిలించాను: ‘ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే ఒక పెద్దావిడ మాత్రం నా పక్కన కూర్చుని రెప్ప వేయకుండా చివరిదాకా చూశారు. కాలం మారింది మరి!’ పాఠకులు తెగ మెచ్చుకున్నారు. మన సంస్కృతి పరువు నిలబెట్టారని ఎవరో ఉత్తరం కూడా రాశారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు చాలా సంతోషమేసింది.

లీడ్స్ తెలుగువాళ్లలో, నాతో సినిమాలకు వచ్చే పెద్దావిడ ఎవరో తెలియనివాళ్లెవరు? చర్చి స్త్రీల కూడిక, అంటే ప్రార్థన సమావేశం, నెలకొకరి ఇంట్లో జరుగుతుంది. ఎవరింట్లో ఎప్పుడన్నది రోటా వేసి గ్రూపులో పెడతారు. తర్వాతి రోటాలో ఆంటీ పేరు లేదు. ఆ తర్వాతి దానిలోనూ లేదు. ఎవరూ ఏమీ అనలేదు, పలకరింపులూ మానలేదు. ఆమె ఇంటికి వెళ్లడం మాత్రం మానేశారు. కూడిక కోసం కొన్న మడత కుర్చీలు పన్నెండూ హాల్లో గోడకు ఆనించి ఉండేవి. నేను వెళితే వాటిలో ఒకటి తీసి వేసేవారు.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పత్రిక వచ్చాక మొదటి మంగళవారం, బస్సులో అడిగారు.

“బాగానే రాశావు. మరి మిగతా సగం ఎక్కడ చూశావు?”

నేను బస్సు టికెట్టు మడతపెట్టడం మొదలుపెట్టాను.

“రోగి సగం చెప్తుండగానే మందు రాసిచ్చే డాక్టర్లని చాలామందిని చూశాను. నువ్వు ఆ బాపతులో చేరబాకు.”

“మీకు సిగ్గనిపించలేదా ఆంటీ?” అన్నాను. తప్పు నాది, ప్రశ్న ఆమెకు!

ఆమె చేగోడీల డబ్బాకు మూత పెట్టి అన్నారు. “వార్డులో స్నానం చేయించేటప్పుడు కొంతమంది నా చెయ్యి పట్టుకుని వదిలేవాళ్లు కాదు. అది జబ్బూ కాదు, బూతూ కాదు. ఇంకో మనిషి చెయ్యి తగిలి ఎన్నేళ్లయిందో వాళ్లకి. తెలిసిందే చూస్తుంటే సిగ్గెందుకు?”

చివర్లో ఏమవుతుందో చెప్పమన్నాను. “నేను చెప్తే అది కూడా విని రాయడమే అవుద్ది. చూడు. చూసి, మళ్లీ రాయి.”

అలాగేనన్నాను. రెండేళ్లు వాయిదా వేస్తూ గడిపాను. రాస్తే, సగంలో లేచిపోయి సమీక్ష రాసినవాడినని నా నోటితో నేనే ఒప్పుకోవాలి. ఆమె మళ్లీ అడగలేదు. ఆ మాట నేనెప్పుడు ఎత్తుతానా అని మాత్రం చూసేవారని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ రెండేళ్లూ ఆమె ఒంటరితనం నా చేతిలో ఉంది. ఒక పేజీ రాసి ఉంటే తీరేది.

భూస్థాపనకు ముందు ఆదివారం మధ్యాహ్నం, గదిలో ఒక్కడినే లాప్‌టాప్ పెట్టుకుని ఆ సినిమా మొదటినుంచి చివరిదాకా చూశాను.

భూస్థాపన రోజు ఆరాధనలో ఆమె గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచాను. మంచి నర్సన్నాను, విశ్వాసురాలన్నాను, అందరూ చెప్పినవే చెప్పి కూర్చున్నాను. అసలు మాట అక్కడ కూడా చెప్పలేదు. తర్వాత చర్చి వంటగదిలో కప్పులు కడుగుతున్న చోటికి నా కప్పు తీసుకెళ్లాను. స్త్రీల కూడిక నడిపే పెద్దావిడ, రోటా వేసేదీ ఆవిడే, తుడుస్తున్న కప్పు మీంచి తల ఎత్తకుండా అన్నారు. “బంగారం లాంటి మనిషి. ఆ సినిమా ఒక్కటీ చూడకుండా ఉంటే బాగుండేది.”

“నేను చూడలేదండీ,” అన్నాను. “సగంలో లేచి బయట కూర్చున్నాను. చూసింది ఆంటీ. నేను చూడకుండా రాశాను.”

నీళ్ల చప్పుడు ఆగింది. సింకు దగ్గర ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు. నన్ను ఏమంటారోనని నిలబడ్డాను. పెద్దావిడ మాత్రం మెల్లగా అడిగారు.

“మరి చివర్లో ఏమవుద్ది?”

“ఏమీ అవదండీ. ఆ మనిషి మళ్లీ రాడు. ఆమె ఉతికిన దుప్పటి పరుస్తుంది. రెండు దిండ్లకీ గలీబులు తొడుగుతుంది. భర్త పడుకునే వైపు వదిలేసి, తన వైపే పడుకుంటుంది. చాలాసేపు అదే చూపిస్తారు.”

పెద్దావిడ ఇంకో కప్పు అందుకున్నారు.

“మా ఆయన పోయి ఆరేళ్లయ్యింది. నేనింకా నా గోడ వైపే పడుకుంటున్నా” అన్నారు.

ఆ కప్పు ఎప్పుడో ఆరిపోయింది. ఆవిడ దాన్ని తుడుస్తూనే ఉన్నారు.