మెతూషెల పోయిన వాన

తాత బాప్తిస్మం తీసుకునేనాటికే జుట్టంతా తెల్లబడిందట. పాస్టరయ్య సగం పరాచికంగా, నిండు నూరేళ్లూ బతకమని మెతూషెల అన్న పేరు పెట్టాడు. బైబిల్లో అందరికంటే ఎక్కువ కాలం బతికిన మనిషి పేరది. మా సంఘంలో పిల్లలు పుడితే ముందు తాత ఒళ్లో పెట్టేవాళ్లు, ఆయుష్షు పోసుకుంటారని.

ఆ మధ్య ఉజ్జీవ సభలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆ పేరుకు అర్థం చెప్పాడు. హెబ్రీలో 'అతడు చనిపోయినప్పుడు అది వస్తుంది' అనట. లెక్క చూసుకోండి, మెతూషెల పోయిన ఏడాదే నోవహు కాలపు జలప్రళయం వచ్చింది అన్నాడు. ముందు వరసలో కూర్చున్న మా తాత వైపు సభంతా తిరిగి చూసింది. తర్వాత పాస్టరయ్యను అడిగితే, ఈటె పట్టిన మనిషి అని కూడా కొందరు అర్థం చెబుతారన్నాడు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

మాది జిన్నారం పక్క ఊరు. మందుల ఫ్యాక్టరీల గోడల వెనకనుంచి వచ్చే వాగు మా ఇళ్లను ఒరుసుకుని పోతుంది. వానంటే మాకు భయం కొత్త కాదు. కానీ ఆ సభ తర్వాత ఊరి భయమంతా తాత మంచం చుట్టూ చేరింది. ఏనాడూ పలకరించని వాళ్లు పొద్దున్నే వచ్చి తిన్నాడా, దగ్గు తగ్గిందా అని ఆరా తీసేవాళ్లు. గిన్నెల్లో కోడిపులుసు తెచ్చేవాళ్లు. అది ప్రేమ కాదని తాతకూ తెలుసు. నాకైతే ఒళ్లు మండేది.

మబ్బులు పట్టే రోజుల్లోనే తాత మంచాన పడ్డాడు. చిన్నాన్న సంగారెడ్డి ఆస్పత్రిలో చేర్పించాడు. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరమ్మ చెప్పినా వినలేదు. వానలు తగ్గేదాకా ఎలాగైనా ప్రాణం నిలపమని బతిమాలాడు. సంఘపెద్దలూ అతని వెంటే నిలబడ్డారు. ముక్కులో గొట్టంతో తాత నా చున్నీ చెరగు పట్టుకున్నాడు.

"నన్ను ఇంటికి తోల్కపో బిడ్డా. నా మంచం మీద పోత. వానలు పోయేదాక ఆగుమంటె నా సేతుల ఉన్నదా?"

చిన్నాన్న తల దించుకున్నాడు. "రేపు ఊరు మునిగితె ఎవలు జవాబు చెప్తరు?"

"నేను చెప్త," అన్నాను. అన్నాక నా గుండె దడదడలాడింది. నేనూ ఎంతో కొంత నమ్మానన్నది అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రమే ఆటోలో తెచ్చాను. దారంతా ముసురు. మర్నాడు మధ్యాహ్నం తన మంచం మీద, రెండు గుటకలు చాయ్ తాగి, తాత కన్నుమూశాడు. వాన అప్పుడే జోరందుకుంది.

సమాధి చేసి వస్తూ అందరం కల్వర్టు దగ్గర ఆగాం. వాన పడ్డప్పుడల్లా వదిలినట్టే ఆ రోజూ వదిలిన ఫ్యాక్టరీ మురుగునీళ్లు కలిసి వాగు ఇటుక రంగులో పారుతోంది. నురగ కల్వర్టు ఎత్తున లేచి, గాలికి తునకలై పొలాల మీద పడుతోంది. కళ్లు మండుతున్నాయి. చంకలో పిల్లలు ఊపిరాడక ఏడుస్తున్నారు. చిన్నాన్న చాలాసేపు వాగునే చూశాడు. నీళ్లు గట్టు దాటలేదు. అతని ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది.

"ఏం రాలే. దేవునికి స్తోత్రం," అన్నాడు, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని.

దగ్గుతూనే అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.