అబ్బాస్ వేలు చూపిన దారి

అబ్బాస్ రాసే ప్రతి బోర్డు చివర ఒక చెయ్యి ఉండేది. తెల్లటి చొక్కా కఫు, కఫుకు నల్లటి గుండీ, దాన్ని దాటి వచ్చిన చెయ్యి, చాచిన చూపుడు వేలు. ఆ వేలు ఎటు చూపిస్తే బోధన్‌లో కొత్తగా బస్సు దిగినవాళ్ళు అటు నడిచేవారు.

1984లో అతనికి పంతొమ్మిదేళ్ళు. ఒక సందు లోపల లాడ్జి కట్టిన సేఠ్, ముందు గోడ మీద పేరు రాసి పొమ్మన్నాడు. అబ్బాస్ రంగు డబ్బా మూత తీయలేదు.

"ఒక్క బోర్డు ఏం జేస్తది సేఠ్? సందుల ఉన్న బోర్డు సందులోల్లకే కనవడ్తది. స్టేషన్ కాడ ఒకటి, బస్టాండ్ల ఒకటి, సందు మొదట్ల ఒకటి రాస్త. ఒకదాని కింద నిలవడ్డోనికి ఇంకోటి యాడున్నదో తెల్వాలె."

"రంగు నాదనే గద నీకింత హుషారు!"

"లాడ్జి గూడ నీదే గద సేఠ్. నిండితే నీకే."

లాడ్జి నిండింది. ఆ మాట అబ్బాస్‌కు పని పద్ధతి అయింది. ఏ బోర్డునూ ఒంటరిగా వదలకూడదు.

నాలుగు లిపులు రాసేవాడు. తెలుగును గుండ్రంగా, ఇప్పుడే రసం నిండిన గిన్నెల్లా రాసేవాడు. ఉర్దూ కుడి నుంచి వాగులా దిగివచ్చేది. మరాఠీ తీగకు ఆరేసిన బట్టల్లా గీత కింద వేలాడేది. ఇంగ్లీషు మాత్రం నిటారుగా, పరీక్షకు వచ్చిన పిల్లవాడిలా నిలబడేది. చెరకు కాలం వస్తే ఫ్యాక్టరీ గేటు ముందు వరుసకట్టిన ట్రాక్టర్ ట్రాలీలన్నీ అతని గోడలే. వెనక తలుపు మీద రైతు పేరు, ఊరు పేరు రాసి, కింద మూలన చిటికెన వేలి గోరంత అక్షరాలతో 'అబ్బాస్ ఆర్ట్స్, బోధన్' అని పెట్టేవాడు. చందూరు పోయే ట్రాలీ మీద అతని పేరు చందూరు పోయేది. కోటగిరి పోయే ట్రాలీ మీద కోటగిరి పోయేది. అతను మాత్రం నిచ్చెన మీదే ఉండేవాడు.

2006లో ఫ్లెక్సు వచ్చింది. రాత్రికి రాత్రే ఊరి ముఖం నున్నగా, మెరుస్తూ, ప్రతి దుకాణానిదీ ఒకేలా తయారైంది. భార్య షమ్సున్నీసా తమ్ముడు మన్సూర్ నిజామాబాద్‌లో ఫ్లెక్సు మిషన్ పెట్టాడు. రెండేళ్ళు ఆగి, 2008 ఎండాకాలంలో బోధన్ వచ్చి అసలు మాట చెప్పాడు.

"దూల్హాభాయ్, దుకాన్ బంద్ జేసి నా తాన్కి రా. ఫ్రేములు గొట్టెటోడు లేక పరేషానైతున్న."

"ఫ్రేములు గొట్టనీకా, నేను?"

"మరి ఈడ ఏం జేస్తున్నవ్? ఈగలకు నంబర్లు రాస్తున్నవా?"

అబ్బాస్ నవ్వాడు. "బక్రీద్ దాక చూస్త. నా రాత కోసం నన్ను దేవులాడుకుంట ఒక్క కొత్త మనిషన్న వస్తే ఈన్నే ఉంట. రాకుంటే వస్త, నువ్వు చెప్పిన మొల నువ్వు చెప్పిన కాడ గొడ్త."

మాట ఇచ్చాడు. బ్రష్షు పట్టిన చెయ్యి సుత్తి పట్టాలా వద్దా అన్నది ఆ పండుగ మీద ఆగింది.

బస్టాండు పక్కన ప్రమీలమ్మ నెట్ సెంటర్ ఉండేది. అది ఒకప్పుడు ఎస్టీడీ బూత్. దాని బోర్డు రాసిందీ, తర్వాత దాన్ని చెరిపి నెట్ సెంటర్ అని రాసిందీ అబ్బాసే. కంప్యూటర్ తనకు తానే నేర్చుకున్న ప్రమీలమ్మ, జూలైలో ఒక మధ్యాహ్నం అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని మూడు పేజీలు తయారు చేసింది. అతని పని గురించి ఒక బ్లాగు. బోర్డుల ఫొటోలకు ఒక పేజీ. అప్పట్లో కుర్రకారంతా ఉండే ఆర్కుట్‌లో ఒక ప్రొఫైల్. రెండు వారాలు పోయాక అతన్ని మళ్ళీ కూర్చోబెట్టి, గూగుల్‌లో ఇంగ్లీషులో 'బోధన్ సైన్ పెయింటర్' అని కొట్టింది. వచ్చిన ఫలితాలను తిప్పుతూ పోయింది: ఒక పేజీ, రెండు, ఐదు, తొమ్మిది. పన్నెండో పేజీలో, పెళ్ళి సంబంధాల ప్రకటనకూ బస్సుల టైములకూ నడుమ, అబ్బాస్ కనిపించాడు.

"ఉన్న గద!" అన్నాడతను.

"పన్నెండో పేజీ దాక ఎవలొస్తరు భాయ్? నేను గాబట్టి వచ్చిన. బోర్డు రాసి సిరికొండ అడవిల పెట్టినట్టున్నది."

"మరెట్ల?"

"నీ పేజీలు మూడున్నయి. ఒకదాని సంగతి ఒకదానికి తెల్వది. ముగ్గురు అబ్బాస్‌లు, ఎవనికి వాడే అన్నట్టున్నది. దీంట్లకెల్లి దాంట్లకు, దాంట్లకెల్లి దీంట్లకు లింకు ఉండాలె. అప్పుడు గూగుల్, ఓహో గీనె ఒక్కడే, గీనె దిక్కు ఇంతమంది చూపిస్తున్నరు అనుకోని పైకి దెస్తది."

అబ్బాస్ కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వాడు. "గీ ముచ్చట నేను ఎనభై నాలుగులనే చెప్పిన గదమ్మా!"

ఇంటికి పోయి మూడు ప్లైవుడ్ పలకలు కోశాడు. నీలం పూత పూశాడు. ఒక్కో పలక మీద ఒక్కో పేజీ చిరునామా, పక్కన కఫూ గుండీతో చెయ్యి. ముప్పై ఏళ్ళ వరకు వెలిసిపోని రంగు వాడాడు. ఆ పలకల ఫొటోలు తీయించి, ఏ పేజీలో ఏది ఉండాలో ఆలోచించి, తానే ఎక్కించాడు. ప్రమీలమ్మ సాయం చేస్తానంటే ఒప్పుకోలేదు. "నా బోర్డుకు నేనే నిచ్చెన ఎక్కుత."

వారానికోసారి వచ్చి వెతికేవాడు. పన్నెండు. పన్నెండు. పదమూడు. రంజాన్ వచ్చింది, పోయింది. అతని నమ్మకం మాత్రం తగ్గలేదు. బోర్డు పెట్టిన రోజే జనం రారు, కళ్ళకు అలవాటు కావాలి అనేవాడు. అక్టోబర్‌లో ప్రమీలమ్మకే ఓపిక పోయింది. కుర్చీ లాక్కుని అతని బ్లాగు తెరిచింది. తెర నిండా నీలం పలక, దాని మీద మెరిసే పసుపు అక్షరాలు. చాలాసేపు చూసింది.

"ఎంత ముద్దుగ రాసినవ్ భాయ్. కండ్లకు అద్దుకోబుద్ధైతున్నది."

"మరి?"

"గని గిది ఫొటో. మనం చదువుతం. గూగుల్ చదువది. దానికి నీలం రంగు మీద పసుపు మరకలే."

మౌస్‌ను ఆ అక్షరాల మీదికి జరిపింది. తెర మీది చిన్న బాణం అక్షరాలను దాటింది, వేలును దాటింది. ఎక్కడా ఆగలేదు. నొక్కింది. ఏమీ తెరుచుకోలేదు. అబ్బాస్ జీవితంలో ఎవరికీ దారి చూపని బోర్డు రాయడం అదే మొదటిసారి.

ప్రమీలమ్మ పలక కింద అదే చిరునామాను మామూలు కంప్యూటర్ అక్షరాల్లో కొట్టింది, లింకు పెట్టింది. అబ్బాస్ ముఖం చిట్లించాడు.

"గీ అక్షరాలకు నడుములే లెవ్వు."

"దానికి నడుములతోని ఏం పని? చూడు ఇగ."

బాణం ఆ సన్నని అక్షరాల మీదికి వెళ్ళింది. వెళ్ళగానే బాణం పోయి అక్కడ ఒక చెయ్యి మొలిచింది. చిన్నది, తెల్లది, చూపుడు వేలు చాచినది. అబ్బాస్ ముందుకు వంగాడు. ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా చూశాడు.

"కఫు లేదు గని," అన్నాడు మెల్లగా, "చెయ్యి నాదే."

ఆ తర్వాత ఎవరూ అతనికి చెప్పవలసిన పని లేకపోయింది. మూడు పేజీల్లోనూ ఒకే పేరు, ఒకే ఫోన్ నంబరు, ఒకదానికొకటి దారి. తర్వాత మూలన పెట్టే సంతకం గుర్తొచ్చింది. తాను బోర్డు రాసిచ్చినవాళ్ళలో సొంత వెబ్‌సైటు ఉన్నవాళ్ళెవరని ఆరా తీశాడు. ఐదుగురు తేలారు. మొదట కోటగిరిలో విత్తనాల దుకాణం నడిపే భోజన్న దగ్గరికి పోయాడు.

"నా సైటుల నీ పేరెందుకు అబ్బాసూ?" అన్నాడు భోజన్న.

"నీ దుకాన్ బోర్డు మూలకు ఇరవై ఏండ్ల సంది ఉన్నది గదనే. ఎన్నడన్న బరువైందా?"

భోజన్న గోడ వైపు తలెత్తి చూశాడు. ఇరవై ఏళ్ళలో ఆ మూలను అతను చూడటం బహుశా అదే మొదలు. "కాలే," అని ఒప్పుకున్నాడు. ఐదు సైట్ల అడుగున, మూలన, అతని పేరూ అతని పేజీకి లింకూ చేరాయి.

నవంబర్‌లో చెరకు బండ్లు కదిలాయి. ఊరంతా తీపి ఆవిరి. అబ్బాస్ పేరు ఎనిమిదో పేజీకి వచ్చింది, తర్వాత ఐదుకు, తర్వాత రెండుకు. నెలాఖరుకు మొదటి పేజీలో నాలుగో వరుసలో నిలబడింది. "వచ్చినం భాయ్!" అని ప్రమీలమ్మ చాయ్ తెప్పించింది. అబ్బాస్ తాగాడు గానీ లెక్క మరిచిపోలేదు. తెర మీద పేరు రావడం వేరు, గుమ్మంలోకి మనిషి రావడం వేరు. పండుగకు పది రోజులే ఉన్నాయి.

ఆరో రోజున ఫ్యాక్టరీ గేటు ముందు ఒక ట్రాలీకి రంగు వేస్తుంటే ఫోన్ మోగింది. మరాఠీ కలిసిన తెలుగు. మహారాష్ట్ర సరిహద్దు దాటగానే ఉండే దెగ్లూరులో మిఠాయి దుకాణాలు నడిపే రామ్‌దాస్.

"పోయినేడు మీ బోధన్ ఫ్యాక్టరీ గేటు కాడ ఒక ట్రాలీ చూసిన. ఏం అక్షరం, ఏం చెయ్యి! మూలకు పేరున్నది గని బురద రాసుకుపోయింది. డ్రైవర్‌ను అడిగితే, సెకండ్‌హ్యాండ్‌ల కొన్నం, తెల్వదన్నడు. నిన్న మా పోరడు బోధన్ పెయింటర్ అని కొట్టి నీ పేజీ తీసిండు. అది నొక్కి ఇది నొక్కి ఫొటోలల్లకు పోయిండు. చెయ్యి చూసి గుర్తువట్టిన. నాకు ఐదు దుకానాలున్నయి భాయ్. మూడు భాషలల్ల రాయాలె. ఫ్లెక్సు వద్దు, అది రెండెండలకే వెలుస్తది."

అబ్బాస్ బ్రష్షును డబ్బా అంచు మీద జాగ్రత్తగా పెట్టాడు. "ఎల్లుండి వస్త," అన్నాడు.

పండుగ ముందురోజు మన్సూర్ జవాబు కోసం వచ్చాడు. అబ్బాస్ అప్పటికి దెగ్లూరు పోయి గోడలు కొలిచి వచ్చాడు. సంగతంతా విని మన్సూర్ గడ్డం గోక్కున్నాడు.

"అంటే రానట్టే."

"రాను."

మన్సూర్ లేచి చెప్పులు వేసుకోబోయి ఆగాడు. "అయితే దూల్హాభాయ్, నీ పేజీ మీద నా ఫ్లెక్సు దుకాన్ దిక్కు గూడ ఒక వేలు పెట్టరాదూ."

"ముందుగాల నువ్వొక పేజీ పెట్టుకో. నువ్వు యాడున్నవో తెల్వకుంటే వేలు ఎటు చూపియ్యాలె?"

పండుగైన నాలుగో రోజు దెగ్లూరులో మొదటి దుకాణం ముందు నిచ్చెన వేశాడు. గోడ తెల్లగా, తాజా సున్నంతో చల్లగా ఉంది. రామ్‌దాస్ కింద నిలబడి, ముందు దుకాణం పేరు రాయమన్నాడు. అబ్బాస్ రంగు డబ్బా మూత తీయలేదు.

"ముందు ఇది చెప్పుండ్రి రామ్‌దాస్‌జీ," అన్నాడు. "మీ రెండో దుకాన్ ఈన్నుంచి ఎటు దిక్కు?"

రామ్‌దాస్ చెయ్యెత్తి బజారు వైపు చూపించాడు. అబ్బాస్ ఆ చేతిని ఒకసారి చూసుకుని, మూత తీసి, కఫుతో మొదలుపెట్టాడు.