లేవకూడని కుర్చీ

మా బావ నెల్లూరు నుంచి ప్రపంచ కప్పు మ్యాచి చూడ్డానికి వస్తున్నాడని తెలిసిన రోజే, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో నేనొక గైడు రాసి పెట్టాను. చూలైలో తరాలుగా ఉంటున్న ఇంటివాణ్ణి, మెడ్రాసు గురించి చెప్పడానికి నాకన్నా ఎవరున్నారని నా ధీమా. చేపాక్కం మైదానం లోపలికి నేను కూడా ఎప్పుడూ పోలేదన్న సంగతి మాత్రం అందులో రాయలేదు. పెళ్ళిళ్ళ పేరయ్యను నీకు పెళ్ళయిందా అని ఎవరన్నా అడుగుతారా?

"సెంట్రల్లో దిగండి. ఈడికొచ్చి భోంచేయండి. చింతాద్రిపేటలో వంతెన మీద పోయే ఫ్లయింగ్ ట్రెయిన్ ఎక్కితే వచ్చే స్టేషనే చేపాక్కం. సంచి వద్దు, నీళ్ళ సీసా వద్దు, గొడుగు వద్దు, చిల్లర నాణేలు కూడా వద్దు. టికెట్టు, టోపీ, ఓపిక ఉంటే చాలు. ఆడ కాసేది ఎండ కాదు, ఉక్క."

"మామా, ఇది తెలుగా, అరవమా?" అని మేనకోడలు హైదరాబాదు నుంచి అడిగింది. "చదివితే అలసట, పాటిస్తే ఆయాసం" అని వాళ్ళమ్మ, అంటే మా అక్క, తీర్పు చెప్పింది.

ఆ ఆయాసం మాటలో వేళాకోళం సగమే. అంతకుముందు ఏడాదే బావ గుండెకు స్టంటు వేశారు. "కోడంబాక్కం పోతే నన్ను స్టంటు మాస్టరుగా పెట్టుకుంటారు అబ్బయా" అని ఆయన నవ్వేవాడు గానీ, అక్క ఎప్పుడూ నవ్వలేదు. మ్యాచి నాడు ఆయనతో పాటే వచ్చి, మా ఇంటి గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, మనిషిని నీ చేతికిస్తున్నా. మనిషిని మనిషిగానే తెచ్చి అప్పజెప్పు" అంది. అలాగేనన్నాను. అదేదో కూరగాయల సంచి అయినట్టు తేలిగ్గానే అన్నాను.

మైదానంలో పొద్దుటి వేడంతా కాంక్రీటు మెట్ల మీద మాకోసం కాచుకోనుంది. మనవాళ్ళు మొదట బ్యాటింగుకు దిగారు, దిగినవాళ్ళు దిగినట్టే వెనక్కొచ్చారు. బావ తలకాయ వంచేసుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరు నిలబడ్డారు. ఒకటీ రెండూ తీస్తూ, అప్పుడొకటీ ఇప్పుడొకటీ బౌండరీ కొడుతూ, మెల్లిగా ఊపిరి తెప్పించారు.

వాళ్ళు నిలబడ్డారు కాబట్టి మేమంతా కూర్చోవాలి. మా ఇళ్ళల్లో అది చట్టం. ఆట కుదురుకున్నప్పుడు ఎవరు ఎక్కడుంటే అక్కడే, ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలోనే ఉండాలి. ఒకసారి టీవీ ముందుకు గరిటెతో వచ్చిన మా అక్కను బావ గడపలోనే నిలబెట్టేశాడు, లోపల సాంబారు మాడి వాసనొస్తున్నా సరే. ఇది మా ఒక్కరి పిచ్చి అనుకునేవాణ్ణి. చేపాక్కంలో తెలిసింది, ఇది ఊరంతటి పిచ్చని. నేను కాళ్ళు తిమ్మిరెక్కి కాస్త లేవబోతే, పక్క కుర్చీలోని భారీ మనిషి నా భుజం పట్టి, "ఎందిరిక్కాదీంగ సార్" అని కూర్చోబెట్టాడు. వెనక వరసలో, విజయవాడ నుంచి ఈ ఊరికి ఉద్యోగానికొచ్చిన అమ్మాయి మా తెలుగు విని పలకరించి ఉంది. ఆమె కూడా, "బాబాయిగారూ, మీకు దండం పెడతాను, లేవకండి" అంది. ఇంతమంది ప్రేమగా కూర్చోమన్నది నా పెళ్ళి పీటల మీద, ఆ తర్వాత ఇక్కడే.

బావ వైపు తిరిగి ఆ మాటే అనబోయాను. ఆయన ముఖం బూడిదరంగులో ఉంది. చెమట అందరికీ పడుతోంది, ఆయనది మాత్రం వేరుగా ఉంది. ఎడమచెయ్యి ఒళ్ళో ఎవరిదో అన్నట్టు పడుంది.

"ఏంది బావా?"

"ఏంలే. ఉక్క."

"నాలుక కింద పెట్టుకునే మాత్రేది?"

"జేబులో ఉండాది."

జేబు కోసం గుండె మీద తడుముకున్నాడు. జేబు లేదు. కూతురు పంపిన నీలం జెర్సీ అది, దానికి జేబే ఉండదు. జేబున్న చొక్కా మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది.

"లే బావా, పోదాం. బయట డాక్టరుంటాడు."

"ఓవరు అయిపోనీ."

ఓవరు అయిపోయింది. "ఇంకొక్క ఓవరు అబ్బయా. చూడు, ఎట్ట ఆడతా ఉండాడో. ఇప్పుడు లేస్తే..." అని, మిగతాది చెప్పకుండా కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. చుట్టూ నీలం చొక్కాల సముద్రం, అందులో ఒక్క అల కూడా లేవడంలేదు. నాకు అక్క ముఖం కనబడింది. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టాను. తల్లి చేతిలోంచి పిల్లాణ్ణి లాగుతున్నట్టుంది. చుట్టూ "ఉక్కారుంగ, ఉక్కారుంగ" అని, కూర్చోమని అరుపులు.

పక్క మనిషి కోపంగా మా వైపు తిరిగాడు. తిరిగి, బావ ముఖం చూశాడు. మరుక్షణం ఆయనే రెండో భుజం కింద చెయ్యి వేసి లేపాడు. ముందే చెప్పకూడదా అని అరవంలో నన్ను తిడుతూనే మెట్లు ఎక్కించాడు. వెనక అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మేం పై మెట్టు చేరేసరికి మైదానం మొత్తం ఒక్కసారి మూలిగింది. వికెట్టు పడింది. బావ వెనక్కి తిరగబోయాడు. నేను తిరగనివ్వలేదు. కింది నుంచి ఎవరో మమ్మల్ని చూపించి ఏదో అన్నారు. అది పొగడ్త కాదని తెలుసుకోవడానికి భాష అవసరం లేకపోయింది.

ప్రథమ చికిత్స గదిలో మాత్ర పెట్టారు, ఈసీజీ తీశారు, అంబులెన్సు ఎక్కించారు. గుండెకు రక్తం అందడంలేదట. ఇంకాస్త ఆలస్యమైతే అని డాక్టరు వాక్యం సగంలో ఆపాడు. పూర్తిచేయమని నేనడగలేదు.

ఆసుపత్రిలో రెండోరోజు ఐసీయూ నుంచి వార్డులోకి మార్చారు. అక్క మంచం పక్కన కూర్చుని కమలాపండు ఒలుస్తోంది. మ్యాచి ఏమయిందని బావ ఆ రెండు రోజుల్లో ఒక్కసారి కూడా అడగలేదు. కాబట్టి తెలిసిపోయే ఉంటుంది. కళ్ళు పైకప్పు మీదే పెట్టి, నన్ను పిలిచాడు.

"అబ్బయా. ఇంకొంచేపు ఆడనే కూర్చోనుంటే గెలిచేవాళ్ళం."

ఆయన గొంతులో హాస్యం కోసం వెతికాను. లేదు. నిజంగానే అంటున్నాడు. పశ్చాత్తాపపడుతున్నాడు, ప్రాణం దక్కినందుకు.

అక్క చేతులు ఆగిపోయాయి.

"మీరు ఆడనే కూర్చోనుంటే," అంది, "నేను ఈపొద్దు యాడ కూర్చోనుందును?"

"అది కాదే. నేనన్నది ఆట సంగతి."

"నేను అడిగేది కూడా అదే. మీ ఆటలో నా చోటు యాడ?"

బావ నా వైపు చూశాడు, సాయానికి. ఊళ్ళో ఏ సందు ఎక్కడ తేలుతుందో చెప్పమంటే చెప్పేవాణ్ణే. అక్క పండు అలాగే సగం తొక్కతో గిన్నెలో పెట్టి, వరండాలోకి వెళ్ళింది. బావ తలుపు వైపే చూస్తూ ఉన్నాడు. ఆమె ఎంతసేపటికీ లోపలికి రాలేదు.